గ్రైండరు వంపితే చాలు, కరెంటు పోతోంది

కావలి కారందోశ
సోమవారం, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్తే. కావలి ఆర్టీసీ బస్టాండు దగ్గర మాది చిన్న టిఫిను సెంటరు. నేను, మా ఆయన, మా ఆడబిడ్డ కలిసి నడుపుకుంటున్నాం. 10 లీటర్ల టిల్టింగ్ గ్రైండరు ఉంది. ఒక హెచ్‌పీ మోటారు, సింగిల్ ఫేజు. సెకండ్ హ్యాండులో కొని ఐదేళ్ళు దాటింది. మోటారు డ్రమ్ము కింద ఫ్రేముకే బిగించి ఉంటుంది, డ్రమ్ము వంపితే మోటారు కూడా దాంతో పాటే వంగుతుంది.

పోయిన నెల పాత గది ఖాళీ చేసి రెండు సందులు అవతల కొత్త గదిలోకి మారాం. అంతా కొత్త వైరింగు. మెయిను బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే మెయిను ఆపేసే స్విచ్చు) పెట్టారు. అప్పటినుంచి మొదలైంది మా అవస్థ. రుబ్బేటప్పుడు ఏమీ కాదు, ముప్పావు గంట తిరిగినా హాయిగా తిరుగుతుంది. పిండి తీసుకుందామని డ్రమ్ము వంపామా, టప్పుమని ఆర్‌సీసీబీ పడిపోతుంది. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు అన్నీ పోతాయి. తెల్లారుజామున నాలుగున్నరకి మోచేతుల దాకా మినప్పిండితో చీకట్లో నిలబడి, మా ఆయన సెల్లు లైటు వెతుక్కుంటూ వచ్చేదాకా ఎదురు చూడాలి.

మెకానిక్కుని పిలిచాం. కెపాసిటరు మార్చి 400 తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. రెండోసారి వచ్చినప్పుడు గోడ మీది సాకెట్టు స్విచ్చు ఆపేసి డ్రమ్ము వంపి చూశాడు. అప్పుడు కూడా పడింది! "కరెంటే లేని మిషను ట్రిప్పెట్టా చేస్తదమ్మా, ఆర్‌సీసీబీనే చెడిపోయింది, దాన్ని తీసేసి డైరెక్టు ఇస్తా" అన్నాడు. ఇంటి ఓనరు రిటైరైన లైన్‌మన్. దాని మీద చెయ్యి వేస్తే గది ఖాళీ చెయ్యండని ఒక్క మాటలో తేల్చేశాడు.

పాత గదిలో ఐదేళ్ళు వాడాం, ఒక్కసారి కూడా ఇట్టా కాలేదు. పిండి తీసేటప్పుడు అప్పుడప్పుడు చేతికి జివ్వుమనేది, అంతే. అందుకని చెక్కపలక మీద రబ్బరు చెప్పులేసుకొని నిలబడేవాళ్ళం. తప్పు గ్రైండరుదా, ఆర్‌సీసీబీదా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


సింగరాయకొండ బిర్యానీ
సోమవారం, మధ్యాహ్నం 2:34

అక్కా, దీనికింత ఆలోచనెందుకు. ప్లగ్గులో పైనున్న లావు పిన్నుకి పచ్చ తీగ ఉంటది, అది కత్తిరించి టేపు చుట్టెయ్. ట్రిప్ ఆగిపోతది. మా హోటల్లో మూడు మిషన్లకి అట్నే చేశా. రెండేళ్ళయింది, పని ఆగింది లేదు.


గూడూరు వైర్‌మ్యాన్
సోమవారం, మధ్యాహ్నం 3:02

అక్కా, పై సలహా దయచేసి పాటించొద్దు. అన్నా, మీ మీద కోపం కాదు గానీ ఈ మాట నేను రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పచ్చ తీగ కోసేస్తే ట్రిప్ ఆగుతుంది, నిజమే. లోపల తప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ తీగలోంచి భూమిలోకి పోయిన కరెంటుకి ఇప్పుడు దారి లేదు. తర్వాత మిషన్ని ఎవరు పట్టుకుంటే వాళ్ళే దారి. మనిషి ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియరు పోతే చిమచిమలాడుతుంది. పది దాటితే పట్టుకున్న చెయ్యి వదలదు. ముప్పై దాటి కొన్ని క్షణాలుంటే గుండె లయ తప్పవచ్చు. ఆర్‌సీసీబీ మీద 30 అని రాసుండేది అందుకే.

కావలి అక్కా, నాలుగు ప్రశ్నలు.
ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటను ఉంటుంది, నొక్కితే పడుతోందా?
సాకెట్టు స్విచ్చు ఆపి వంపినా పడిందన్నారు. ప్లగ్గు పూర్తిగా పీకేసి వంపితే?
ఆ టైములో ఫ్రిజ్జు, ఫ్యాన్లు నడుస్తున్నాయా?
గ్రైండరుకి సొంత స్విచ్చు ఉందా, ఎక్కడ?


కావలి కారందోశ
సోమవారం, సాయంత్రం 5:15

బటను నొక్కితే పడుతోంది తమ్ముడూ. ఓనరు గారు రోజూ నొక్కి మాకు చూపిస్తున్నారు, ఆయనకి అదో సరదా అయిపోయింది.

ప్లగ్గు పీకేసి ఇరవై సార్లు వంపాం. పడలేదు. ప్లగ్గు పెట్టి స్విచ్చు ఆపి వంపితే పడింది.

ఫ్రిజ్జు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. గ్రైండరు స్టాండుకి ఎడమ పక్క ఒక స్విచ్చు ఉంది. ప్లగ్గు నుంచి ఆ స్విచ్చుకి ఒక వైరు, అక్కడినుంచి ఫ్రేము కిందుగా మోటారుకి ఇంకో వైరు.

ఇంకో మాట. పాత గదిలో ఉండగా ఒకసారి మా ఆడబిడ్డ పలక తీసి నేల కడుగుతూ, గ్రైండరు స్విచ్చు ఆపేసే డ్రమ్ము వంపి తుడుస్తోంది. గట్టిగా కొట్టింది, అంత దూరాన పడింది. స్విచ్చు ఆపే ఉంది కదా, షాకెట్టా కొడుతుంది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు కాబట్టి కళ్ళు తిరిగుంటాయి అనుకున్నాం. ఇప్పుడు మీరు రాసింది చదివితే గుర్తొచ్చింది.


వైండింగ్ షాపు ఒంగోలు
సోమవారం, రాత్రి 8:40

ఇరవయ్యేళ్ళకు పైగా మోటార్లు చుడుతున్నా. రెండు మాటలు చెప్తా.

కెపాసిటరు పోతే మోటారు గుయ్‌మంటది గానీ తిరగదు. డ్రమ్ములో పిండి లేకుండా చూసినా తిరగదు. ట్రిప్పుకీ దానికీ సంబంధం చాలా తక్కువ. ఆ 400 పోయినట్టే. పాతది పారెయ్యకుండా ఉంటే దాచిపెట్టు, ఎప్పటికైనా అక్కరకొస్తది.

రుబ్బుతుంటే పడటం లేదు, వంపితేనే పడుతోంది. అంటే వైండింగు (మోటారు లోపలి తీగచుట్ట) బాగానే ఉన్నట్టు. వైండింగే బాడీకి దిగుంటే నిలబెట్టినా, పడుకోబెట్టినా పడాలి. వంపినప్పుడు కదిలేది ఒకటే, స్టాండు నుంచి మోటారుకి పోయే వైరు. ఆ మడత దగ్గర చూడు. నిజం చెప్పాలంటే ఇదే మిషను ఆటోలో ఎక్కించి నా షాపుకి తెచ్చుంటే, బల్ల మీద పెట్టి చూసి ఏమీ లేదని పంపేవాణ్ణి. బల్ల మీద ఎవడూ వంపి చూడడు.


పొదిలి డిప్లొమా
సోమవారం, రాత్రి 9:25

మెకానిక్ గారి ప్రశ్న తీసిపారెయ్యాల్సింది కాదు. కరెంటు లేని మిషను ట్రిప్ ఎలా చేస్తుంది? దానికి జవాబు దొరికితే తప్పెక్కడుందో దాదాపు దొరికినట్టే.

ఆర్‌సీసీబీ చేసే పని లెక్క చూసుకోవడం. ఫేజులో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే పడిపోవాలి. నిజానికి 15 దాటినప్పటినుంచే పడే అవకాశం ఉంటుంది. ఎంత లోడు నడుస్తోందన్నది దానికి పట్టదు.

సాకెట్టు స్విచ్చు ఆపేది ఫేజుని మాత్రమే. న్యూట్రల్ తీగ ప్లగ్గు ద్వారా మిషనుకి ఎప్పుడూ కలిసే ఉంటుంది. ఆ న్యూట్రల్ తీగ తొక్క పోయి గ్రైండరు బాడీకి తగిలిందనుకోండి. బాడీ ఎర్తుకి కలిసి ఉంది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు వాడుకున్న కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది కదా, అందులో కొంత ఈ పక్కదారిలో గ్రైండరు బాడీ మీదుగా భూమిలోకి దిగిపోతుంది. లోడు ఉన్నప్పుడు న్యూట్రల్‌కీ భూమికీ మధ్య ఒకటి రెండు వోల్టులు మామూలే. ఎర్తు గుంట నిరోధం 20 ఓములనుకుంటే, 2 వోల్టులకి 100 మిల్లీ ఆంపియర్లు. మన ఆర్‌సీసీబీకి అందులో మూడో వంతు చాలు.

కాబట్టి నా అంచనా, వంపినప్పుడు బాడీకి తగులుతున్నది న్యూట్రల్. ఫేజే తగులుతుంటే సాకెట్టు స్విచ్చు ఆపాక పడకూడదు. పరీక్ష కావాలంటే, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి, గ్రైండరు ప్లగ్గు మాత్రం ఉంచి, సాకెట్టు స్విచ్చు ఆపి వంపండి. చాలావరకు పడదు. వీధి లోడు వల్ల న్యూట్రల్‌లో కొంచెం వోల్టేజి ఉంటే పడినా పడొచ్చు. పడకపోతే మాత్రం న్యూట్రలే అని గట్టిగా అనుకోవచ్చు.


సింగరాయకొండ బిర్యానీ
సోమవారం, రాత్రి 9:50

ఏందయ్యా ఇదంతా, పరీక్ష పేపరు లాగుంది. మా దగ్గర ఆర్‌సీసీబీ లేదు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్చు) ఉంది. నిజంగా తప్పుంటే ఎంసీబీ పడాలి కదా? పడలేదంటే తప్పు లేనట్టేగా?


పొదిలి డిప్లొమా
సోమవారం, రాత్రి 10:08

అన్నా, అదే 20 ఓముల గుంట లెక్క తీసుకుందాం. ఫేజు నేరుగా బాడీకి తగిలిందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. మీ ఎంసీబీ ఎంత? 16 అయితే అది ఎప్పటికీ పడదు. మిషను బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది, మీటరు కూడా తిరుగుతూ ఉంటుంది. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా. మనుషుల కోసం పెట్టింది కాదు.

మీరు పచ్చ తీగ కూడా కోసేశారు కాబట్టి ఆ పదకొండున్నర కూడా పోదు. ఎవరో తాకేదాకా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.


నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 10:20

ఎర్తు తీగ కత్తిరించమన్న పోస్టు తీసేయమని ముగ్గురు రాశారు. తీసెయ్యడం లేదు. బయట ప్రతి ఊళ్ళో ఇదే సలహా ఇస్తున్నారు, కింద జవాబులతో కలిపి చదివితేనే మేలు. వ్యక్తిగతంగా మాట్లాడకండి.


బేకరీ దర్శి
మంగళవారం, ఉదయం 7:05

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పఫ్‌ల హాట్ కేసు కూడా ఇట్టాగే ట్రిప్ అవుతుంది, వానలు పడ్డ రోజుల్లో పొద్దున్నే మాత్రం. ఆర్‌సీసీబీ రెండు మూడుసార్లు పైకెత్తితే తర్వాత నిలబడుతుంది. ఇదీ వైరేనా?


గూడూరు వైర్‌మ్యాన్
మంగళవారం, ఉదయం 7:30

మీది హీటరు అయ్యుంటుంది. హీటరు గొట్టం లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టించి ఉంటుంది. గొట్టం చివర సీలు పోతే ఆ పొడి గాల్లో చెమ్మ పీల్చుకుంటుంది. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున లీకేజి, వేడెక్కితే ఆరిపోయి మామూలవుతుంది. మాటిమాటికీ ఎత్తొద్దు. 500 వోల్టుల మెగ్గరు (లీకేజి ఉందో లేదో ఎక్కువ వోల్టేజితో కొలిచే మీటరు) పెట్టించి చూడండి. ఒక మెగాఓముకి తక్కువ చూపిస్తే హీటరు మార్చెయ్యడమే. వేరే చర్చ తెరిస్తే వివరంగా రాస్తా, ఇక్కడ అక్క గ్రైండరు పని కానీండి.


కావలి కారందోశ
మంగళవారం, మధ్యాహ్నం 1:40

చేశాం! టిఫిను టైము అయ్యాక అన్నీ ఆపేసి, గ్రైండరు ప్లగ్గు మాత్రం ఉంచి పదిసార్లు వంపాం. పడలేదు. ఫ్రిజ్జు వేశాం, వంపాం, పడింది. మళ్ళీ ఫ్రిజ్జు ఆపాం, పడలేదు. మా ఆయన నోరు తెరుచుకొని చూస్తున్నాడు. ఓనరు గారు "నేనేం చెప్పినా" అంటున్నారు. నిజానికి ఆయన న్యూట్రల్ గురించి ఏమీ చెప్పలేదు, అయినా పోనీలే.

ఇప్పుడేం చెయ్యాలి? మా మరిది ఐటీఐ చదివాడు, మీటరు ఉంది వాడి దగ్గర. సాయంత్రం వస్తాడు.


గూడూరు వైర్‌మ్యాన్
మంగళవారం, మధ్యాహ్నం 2:15

మీ మరిదికి ఇది చూపించండి.

తమ్ముడూ, మొదట ప్లగ్గు పీకు. స్విచ్చు ఆపితే చాలదు, ఎందుకో పైన చదివావుగా. పీకిన ప్లగ్గు నీ కళ్ళ ముందే ఉండాలి, ఎవరో వచ్చి పెట్టేట్టు వద్దు.

గ్రైండరు సొంత స్విచ్చు ఆపి ఉంచు. అది ఆన్‌లో ఉంటే వైండింగు ద్వారా ఫేజు పిన్ను, న్యూట్రల్ పిన్ను ఒకటే అయిపోయి రెండూ బీప్ అంటాయి, ఏ తీగో తేలదు.

మీటరుని బీప్ మీద పెట్టి ఒక మొన ప్లగ్గు లావు పిన్నుకి, రెండోది నల్ల తీగ ఉన్న పిన్నుకి ఆనించు. అక్కని మెల్లగా డ్రమ్ము వంపమను. ఎంత వంపితే బీప్ వచ్చిందో గుర్తు పెట్టుకో. ఆ భంగిమలోనే ఆపి, వైరుని చేత్తో అటూ ఇటూ కదుపు. ఎక్కడ కదిపితే బీప్ తెగిపోతుందో అక్కడే గాయం.

బీప్ రాలేదంటే ఏమీ లేదని కాదు. మీటరు బ్యాటరీ వోల్టు చిన్నది, సన్నటి లీకేజి దానికి కనిపించదు. అప్పుడు మెగ్గరు కావాలి. మీది నేరుగా తగులుతున్నట్టుంది కాబట్టి మీటరే చాలనుకుంటున్నా.

కవరు విప్పాల్సి వస్తే కెపాసిటరు కాళ్ళు తాకొద్దు. ప్లగ్గు పీకినా దాంట్లో ఛార్జి ఉండొచ్చు. రెండు కాళ్ళ మధ్య ఒక బల్బు హోల్డరు తీగలు కాసేపు ఆనిస్తే దిగిపోతుంది. కొంతమంది స్క్రూ డ్రైవరుతో చిటుక్కుమనిపిస్తారు, కెపాసిటరుకీ మంచిది కాదు, కళ్ళకీ మంచిది కాదు.


మైపాడు గాలి
మంగళవారం, సాయంత్రం 4:50

మడత దగ్గర నట్లు, పచ్చ తీగ బిగించిన బోల్టు కూడా చూడండి. మాది సముద్రానికి దగ్గర, ఉప్పు గాలికి ఆరు నెలలకే బోల్టు తుప్పు పడుతుంది. చూడటానికి బిగిసే ఉంటుంది, ఎర్తు మాత్రం ఉండదు. తుమ్మలపెంట గాలి మీకూ తగులుతుందిగా.


కావలి కారందోశ
మంగళవారం, రాత్రి 9:30

దొరికింది.

నిలబెట్టి ఉంచితే చప్పుడు లేదు. సగం వంపే సరికి బీప్. మా మరిది వైరు కదిపితే ఆగింది, వదిలితే మళ్ళీ బీప్. కవరు విప్పి టార్చి వేసి చూశాం. ఫోటో పెట్టాను చూడండి. స్టాండు రేకుకి ఒక బెజ్జం పెట్టి అందులోంచి వైరు మోటారుకి తీసుకెళ్ళారు. బెజ్జానికి రబ్బరు బుష్షు లేదు, రేకు అంచు బ్లేడు లాగుంది. వంపిన ప్రతిసారీ వైరు ఆ అంచు మీద రాసుకుంటోంది. రోజుకి నాలుగు వాయిలు, ఐదేళ్ళు, లెక్కేసుకోండి. నల్ల తీగ రాగి బయటపడి మెరుస్తోంది. దాని మీద ఎప్పుడో ఎవరో టేపు చుట్టారు, అది ఎండి పెంకులా ఊడిపోయింది. మేం చుట్టింది కాదు, అమ్మిన వాళ్ళకి తెలుసన్నమాట!

ఎర్ర తీగ కూడా సగం కోసుకుపోయి ఉంది. పచ్చ తీగ స్టాండుకి బిగించారు, మోటారు దాకా పోలేదు.

మా మరిది కొత్త టేపు చుడదామంటున్నాడు. చాలా?


వైండింగ్ షాపు ఒంగోలు
మంగళవారం, రాత్రి 9:52

చాలదు. టేపు చుడితే ఇంకొకరికి అమ్మేదాకా పనిచేస్తది, అమ్మినోళ్ళు చేసింది అదే.

స్విచ్చు నుంచి మోటారు దాకా వైరు మొత్తం తీసెయ్. మూడు తీగల రాగి కేబులు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు, పైన రబ్బరు తొడుగున్నది అడుగు. పీవీసీ వద్దు. నూనె, వేడి తగిలి బిగుసుకుపోతది, బిగుసుకున్నది మడత దగ్గర పగులుతది. మధ్యలో అతుకు పెట్టొద్దు, ఒకటే ముక్క.

బెజ్జం అంచు ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు బుష్షు పెట్టు. కొద్దిగా పెద్దది చేసి గ్లాండు పెడితే ఇంకా మేలు. ఇంగ అసలు కిటుకు ఇది. వైరుని బిగుతుగా లాగొద్దు. స్టాండు మీద ఒక క్లాంపు, మోటారు ఫ్రేము మీద ఒక క్లాంపు వేసి, రెండిటి మధ్య జానెడు లూజు వదులు. అప్పుడు వంపు ఒక్క చోటే పడకుండా ఆ జానెడంతా పంచుకుంటది. వంపి చూడు, ఎక్కడా రాసుకోకూడదు, బెల్టుకి తగలకూడదు.

పచ్చ తీగ సంగతి నువ్వు రాసింది మంచిదయింది. మోటారు ఉన్న ఫ్రేము, స్టాండు ఒకటే ఇనుములా కనిపిస్తయి గానీ మధ్యలో ఇరుసు ఉంది. ఇరుసుకి గ్రీజు, పైన పెయింటు. దాన్ని నమ్ముకొని ఎర్తు ఉందనుకోకూడదు. పచ్చ తీగని మోటారు బాడీ దాకా తీసుకెళ్ళి, పెయింటు గీకి, లగ్గు కొట్టి, పళ్ళ వాషరు వేసి బిగించు. స్టాండుకి వేరే ఒకటి.

స్విచ్చు కూడా మార్చు. ఇప్పుడున్నది ఒక తీగనే తెంచుతోంది. డబుల్ పోల్ స్విచ్చు పెట్టు, ఫేజూ న్యూట్రలూ రెండూ తెగుతయి. తడి చేత్తో వేస్తారు కాబట్టి రబ్బరు మూత ఉన్నది చూసుకో.


గూడూరు వైర్‌మ్యాన్
మంగళవారం, రాత్రి 10:15

అన్న చెప్పిందంతా సరే. అక్కా, నాకు మీ ఆడబిడ్డ సంగతి కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఈ గదిలో తగులుతున్నది న్యూట్రల్. న్యూట్రల్ తగిలితే మనిషి అంత దూరాన పడడు. పాత గదిలో కొట్టింది మరేంటి?

వీలైతే ఒకటి చూడండి. పాత గదిలో గ్రైండరు పెట్టిన సాకెట్టులో టెస్టరు ఎటువైపు వెలుగుతుందో. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పెద్ద రంధ్రం పైన ఉంటుంది కదా, కింది రెండిట్లో కుడివైపు ఫేజు ఉండాలి.


కావలి కారందోశ
బుధవారం, సాయంత్రం 6:20

పాత గదిలో ఇప్పుడు జిరాక్సు షాపు నడుస్తోంది. మా ఆయన, మరిది వెళ్ళి అడిగితే పాపం ఏమీ అనుకోకుండా చూసుకోమన్నాడు.

టెస్టరు ఎడమవైపు వెలిగింది.

ఇంకా ఉంది. ఆ అబ్బాయి భయపడి అప్పుడే ఎలక్ట్రీషియన్ని పిలిపించి సాకెట్టు విప్పించాడు. పై రంధ్రానికి తీగే లేదు. ఎర్తు లేనే లేదు అక్కడ.


పొదిలి డిప్లొమా
బుధవారం, సాయంత్రం 6:55

అక్కా, కూర్చొని చదవండి.

పాత గదిలో ఫేజు, న్యూట్రల్ తారుమారు. అంటే అక్కడ మీ గ్రైండరు నల్ల తీగే ఫేజు. వంపినప్పుడు రేకు అంచుకి తగిలింది అదే తీగ. ఎర్తు లేదు కాబట్టి ఏదీ పడలేదు. డ్రమ్ము, స్టాండు అంతా 230 వోల్టుల మీద ఉంది. మీరు ఎండిన పలక మీద రబ్బరు చెప్పులతో ఉన్నారు కాబట్టి జివ్వుమనడంతో పోయింది.

మీ ఆడబిడ్డ గ్రైండరు స్విచ్చు ఆపింది. ఆ స్విచ్చు తెంచేది ఎర్ర తీగని. అక్కడ ఎర్రది న్యూట్రల్. మోటారు ఆగిపోయింది, నల్ల తీగలో ఫేజు అలాగే ఉంది. పలక లేదు, నేల తడి. ఆమెకి కళ్ళు తిరగలేదు.

గాయం ఒకటే. అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు, ఇక్కడ మొదటి రోజే మెయిను పడగొట్టింది.


కావలి కారందోశ
బుధవారం, రాత్రి 8:05

మా ఆడబిడ్డకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తిండి తినక పడ్డానన్నారు కదా వదినా" అంది. నాకు నోట మాట రాలేదు.

కేబులు, డబుల్ పోల్ స్విచ్చు రేపు నెల్లూరు నుంచి తెప్పిస్తున్నాం. రేపు, ఎల్లుండి పిండి పక్కింటి వాళ్ళ గ్రైండర్లో రుబ్బుకుంటాం. గారెలు ఉండవు, ఇడ్లీ దోశలే.


సింగరాయకొండ బిర్యానీ
గురువారం, ఉదయం 11:10

అక్కా, నేను మొదట రాసింది తప్పే. ఒప్పుకుంటున్నా. నిన్న రాత్రి ఇది చదివి మా మిషన్ల మీద టెస్టరు పెట్టా. మూడిట్లో రెండు వెలిగినయి. ఇప్పుడు నాకు వాటి దగ్గరకి పోవాలంటేనే భయంగా ఉంది. రెండూ కొట్టేవేనా?


గూడూరు వైర్‌మ్యాన్
గురువారం, ఉదయం 11:40

అన్నా, ఎర్తు లేని మిషను మీద టెస్టరు ఉత్తినే కూడా వెలుగుతుంది. మోటారు వైండింగుకీ బాడీకీ మధ్య కనపడని చిన్న లీకేజి ఎప్పుడూ ఉంటుంది, టెస్టరులోని నియాన్ బల్బుకి అదే ఎక్కువ. మీటరు పెట్టినా 90, 110 అని చూపించి భయపెడుతుంది. అది నిజమైన తప్పా కాదా తేలాలంటే బాడీకీ మంచి ఎర్తుకీ మధ్య మామూలు 60 వాట్ల బల్బు పెట్టి చూడాలి. ఉత్త లీకేజి అయితే బల్బు అసలు వెలగదు, మీటరు కూడా సున్నాకి దిగిపోతుంది. బల్బు ఎర్రగా కనిపించినా చాలు, తప్పు ఉన్నట్టే. ఇది మీరు చెయ్యొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్ని పెట్టించండి.

అంతకన్నా ముందు ఎర్తు గుంట చూపించండి. ఎండాకాలం నీళ్ళు పొయ్యకపోతే గుంట ఎండి నిరోధం పెరుగుతుంది. గుంట బాగు చేయించి, పచ్చ తీగలు కలిపించి, మెయినులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఈ మూడూ అయ్యేదాకా పనివాళ్ళని ఆ మిషన్ల దగ్గరకి పంపొద్దు.


కావలి కారందోశ
శనివారం, ఉదయం 10:30

పని అయిపోయింది. కేబులు మార్చాం, బుష్షు పెట్టాం, జానెడు లూజు వదిలాం, పచ్చ తీగ మోటారు దాకా వెళ్ళింది. ప్లగ్గు పెట్టే ముందు మా మరిది స్నేహితుడు మెగ్గరు తెచ్చి, నిలబెట్టి ఒకసారి, వంపి ఒకసారి చూశాడు. రెండిట్లోనూ 50 మెగాఓములకు పైనే.

ఈరోజు నాలుగున్నరకి మొదటి వాయి. పిండి తీసేటప్పుడు నలుగురం చుట్టూ నిలబడి ఆర్‌సీసీబీ వైపే చూస్తున్నాం. పడలేదు. ఓనరు గారికి నమ్మకం కుదరక టెస్ట్ బటను నొక్కాడు. అన్నీ ఆరిపోయాయి. చీకట్లో మా ఆడబిడ్డ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పలక మాత్రం తియ్యలేదు. ఆమె తియ్యనివ్వడం లేదు.


సింగరాయకొండ బిర్యానీ
ఆదివారం, రాత్రి 9:45

నాదీ చెప్తా. గుంట బాగు చేయించా, ఆర్‌సీసీబీ పెట్టించా, మూడిటికీ పచ్చ తీగలు కలిపించా. రెండు మిషన్లు బాగానే తిరుగుతున్నయి. మూడోది, మసాలా రుబ్బే పెద్ద మిక్సీ, స్విచ్చు వేసిన మరుక్షణం టప్పుమంటోంది. రెండేళ్ళు దాని మూత చేత్తో అదిమి పట్టుకునేది మావాడే. వేరే చర్చ తెరవమంటారా?


వైండింగ్ షాపు ఒంగోలు
ఆదివారం, రాత్రి 9:58

తెరువు. ముందు ప్లగ్గు పీకు.